కువైట్ మాస్టర్, మా దాదా

మా దాదా ఏ రోజున పుట్టాడో ఎవరికీ తెలియదు. ఆధార్ కార్డులో 01-01-1934 అని ఉంది. తాండాల్లో పెద్దవాళ్ళ కార్డులు తీసి చూడండి, చాలామంది జనవరి ఒకటినే పుట్టి ఉంటారు. ఆయన లెక్క వేరు. గాంధీ చనిపోయాడన్న వార్త తాండాకు వచ్చేనాటికి తాను దూడలు కాసే వయసు దాటి గొడ్లు కాసే వయసుకు వచ్చానని చెప్పేవాడు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల కొత్త జిల్లా అయింది. అది చూసి, "ఇన్నాళ్ళకు కర్నూలు బస్సు చార్జి మిగిలింది" అని నవ్వాడు. మరుసటి ఏడు చలి పూర్తిగా తగ్గకముందే పోయాడు. ఎనభై తొమ్మిదో, తొంభయ్యో.

మేము ఆయన మనవలం, మనవరాళ్ళం. పదకొండు మందిమి. దాదా అంటే మా మాటలో నాన్నకు తండ్రి. మాలో కొందరికి ఆయన తల్లికి తండ్రి కాబట్టి నానా అనాలి. కానీ ఇంట్లో అందరూ దాదా అనే పిలిచేవాళ్ళం, ఆయనా అందరికీ పలికేవాడు. బయటివాళ్ళు మమ్మల్ని సుగాలీలంటారు, లంబాడీలంటారు. మాలో మేము గోర్ అని చెప్పుకుంటాం. మా తాండా ఆళ్ళగడ్డ వైపు ఉంది, నల్లమల కనిపించేంత దూరంలో.

దాదా వంట మాస్టర్. అరవై ఏళ్ళకు పైగా పొయ్యి ముందే నిలబడ్డాడు. నంద్యాల, కర్నూలు, హైదరాబాదు, శ్రీశైలం ప్రాజెక్టు, కువైట్, మళ్ళీ ఆళ్ళగడ్డ. చదువు లేదు. సంతకం నేర్చుకున్నది పాస్‌పోర్టు కోసం.

మా పూర్వులు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగినవాళ్ళు. దాన్ని లదేణి అంటాం. రైళ్ళు, రోడ్లు వచ్చాక ఆ బేరం పోయింది. పందొమ్మిదో శతాబ్దం చివరలో గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా గుంటూరు వైపు వేసిన మీటర్ గేజి లైను కూడా మా ఎడ్ల దారిని మింగిన వాటిలో ఒకటి. దాదా మొదటి ప్రయాణం ఆ బండి పొగ చూసుకుంటూనే. పదమూడు పద్నాలుగేళ్ళప్పుడు కట్టెల మోపు అమ్మడానికి వాళ్ళ నాయనతో నంద్యాలకు నడిచి పోయాడు. ఆళ్ళగడ్డ నుంచి నంద్యాల నలభై కిలోమీటర్లు. రాత్రి ఎక్కడో పడుకుని, తెల్లారి స్టేషను దగ్గర మోపు దించితే, ఒక భోజన హోటల్ అతను కొన్నాడు. రోజూ తెస్తావా అని అడిగాడు. రోజూ తేవడం కుదరదు, ఇక్కడే ఉంటానన్నాడట దాదా. వాళ్ళ నాయన ఒక్కడే తిరిగి వచ్చాడు.

ఆ హోటల్లో ఆయన పని కట్టెలు కొట్టడం, నీళ్ళు మోయడం, గిన్నెలు తోమడం. పొయ్యి ఉన్న గదిలోకి గడప దాటి రాకూడదు. తోమిన గిన్నెను గడప బయట పెడితే, లోపలివాళ్ళు దాని మీద నీళ్ళు చల్లి తీసుకునేవాళ్ళు. కోపం తెచ్చుకుని చెప్పేవాడు కాదు దాదా ఈ సంగతి. "గడప మంచి చోట ఉండె. పొయ్యి అంతా కనపడేది" అనేవాడు. ఎసరు ఎప్పుడు పెడుతున్నారో, పప్పులో చింతపండు పులుసు ఉడికినాక పోస్తున్నారో ముందే పోస్తున్నారో, తిరగమాతలో ఏది ముందు ఏది వెనక, అన్నీ ఆ గడప దగ్గర కూర్చునే నేర్చుకున్నాడు. చింతపండు ముందే పోస్తే పప్పు ఉడకదు. ఈ చిన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు, రెండేళ్ళు చూసి పట్టుకున్నాడు. ముక్కుతో నేర్చుకున్న చదువు తనదని చెప్పుకునేవాడు. పులుసు మరుగు దిగిందా లేదా వాసనలోనే తెలుస్తుందట.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. కట్టడాలు చాలక ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. అది మన పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆ గుడారాల్లో పనిచేసేవాళ్ళకు అన్నం ఎవరు వండారో మాత్రం ఉండదు. గుంటూరు నుంచి, నెల్లూరు నుంచి, మద్రాసు నుంచి వచ్చిన గుమాస్తాలకు మధ్యాహ్నం భోజనం కావాలి. పూటకూళ్ళ ఇళ్ళు, రేకుల హోటళ్ళు పుట్టగొడుగుల్లా లేచాయి. మనుషులు చాలనప్పుడు కులం గడప కొంచెం వంగుతుంది. దాదా మొదటిసారి గరిటె పట్టింది అక్కడే, పంతొమ్మిది ఇరవై ఏళ్ళప్పుడు. ఉగ్గాని చేశాడు. బొరుగులు నీళ్ళలో ముంచి, నాని ముద్ద కాకముందే పిండేసి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయల తిరగమాతలో వేసి, పైన పుట్నాల పొడి. పక్కన మిరపకాయ బజ్జీ. మన సీమలో పిల్లాడికి కూడా తెలిసిన పలహారం. కోస్తా నుంచి వచ్చిన గుమాస్తాలకు అది వింత. మూడేళ్ళ తర్వాత, 1956 నవంబరులో రాజధాని హైదరాబాదుకు వెళ్ళిపోయింది. గుడారాలు ఎత్తేశారు. తినేవాళ్ళు ఎటు పోతే వండేవాడూ అటే. దాదా కూడా హైదరాబాదు పోయాడు.

అప్పటికే పెళ్ళయింది. మా దాదీని తాండాలో వదిలి పోయాడు.

హైదరాబాదులో ఇరానీ హోటళ్ళు. టీ డికాక్షన్‌ను సన్న సెగ మీద గంటల తరబడి ఉంచడం, పాలను విడిగా చిక్కబరచడం అక్కడ పట్టుబడింది. అక్కడే ఒక ముస్లిం ఉస్తాదు ఆయనకు దమ్ బిర్యానీ నేర్పాడు. పచ్చి మాంసం నానబెట్టి అడుగున పరిచి, సగం ఉడికిన బియ్యం పైన వేసి, మూత చుట్టూ పిండి అద్ది, పైనా కిందా నిప్పులు. మూత తీయకుండా లోపల ఏం జరుగుతోందో చెప్పగలగాలి. ఆ ఉస్తాదు దాదాను కులం అడగలేదట. చేతులు చూపించమన్నాడట. గోళ్ళు చూసి, సరే అన్నాడట. జీవితాంతం దాదా వారానికి రెండుసార్లు గోళ్ళు తీసుకునేవాడు, మా గోళ్ళు కూడా పట్టి చూసేవాడు.

1963లో నెహ్రూ శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత ఏడాదికో రెండేళ్ళకో దాదా అక్కడికి చేరాడు. కారణం జీతం కాదు. నల్లమలకు అటు వైపు ఆ పని, ఇటు వైపు మా తాండా. నెలకు ఒకసారైనా ఇంటికి రావచ్చని. సున్నిపెంటలో ప్రాజెక్టు కాలనీ, క్యాంటీను, కూలీల గుడిసెలు. పాలమూరు కూలీలు, ఒడ్డెరవాళ్ళు, తమిళులు, మనవాళ్ళు. అందరికీ తలా ఒక తిండి. రాగి సంగటి కొందరికి, అన్నం కొందరికి, జొన్నరొట్టె కొందరికి. పెద్ద లెక్కన వండడం ఆయనకు వచ్చింది ఈ పదమూడేళ్ళలోనే. ఐదు వందల మందికి గాడిపొయ్యి తవ్వడం కూడా ఒక విద్యే. గాలి ఎటు నుంచి వస్తుందో చూసి ఆ వైపు నోరు పెట్టాలి. తుమ్మ కట్టె నిలకడగా మండుతుంది, చిల్లర కట్టె మంట పెట్టి మోసం చేస్తుంది. కొత్త బియ్యానికి ఎసరు తక్కువ, పాత బియ్యానికి ఎక్కువ. గింజ నడుమ పలుకు పూర్తిగా పోకముందే గంజి వార్చి, ఈత చాప మీద గుట్టగా పోసి, బట్ట కప్పాలి. మిగిలిన ఉడుకు ఆ గుట్టలోనే ఉడుకుతుంది. హాస్టళ్ళలో అన్నం ముద్దయిందని గొడవపడే పిల్లలు ఈ ఒక్క మాట వాళ్ళ వంటామెకు చెప్పి చూడండి. నెమ్మదిగా చెప్పండి. ఆమెకు ఇచ్చే బియ్యం ఎలాంటివో ఆమె చేతిలో లేదు.

ఇక కువైట్. 1978లో పోయాడు. కడప జిల్లా నుంచి అప్పటికే చాలామంది పోతున్నారు. ఏజెంటుకు ఇచ్చిన డబ్బు దాదీ కడియాలు, నాలుగు మేకలు, ఒక అప్పు. పాస్‌పోర్టులో వృత్తి అనే గడి ఉండేది అప్పట్లో. అందులో కుక్ అని ఇంగ్లీషులో రాశారు. అక్కడ ఒక పెద్ద కుటుంబం ఇంట్లో వంట. మగవాళ్ళు సాయంత్రాలు కూర్చునే దివానియాకు పళ్ళేలకు పళ్ళేలు మచ్బూస్ పోవాలి. అది మాంసం ఉడికిన నీళ్ళలోనే బియ్యం ఉడికించే వంట. ఎండబెట్టిన నల్ల నిమ్మకాయ ఒకటి వేస్తారు, దాన్ని లూమి అంటారు. దాదా మొదటిసారి లూమి చూసి కుళ్ళిన నిమ్మకాయని పారేశాడట. తర్వాత ఇంటికి వచ్చినప్పుడల్లా ఒక డబ్బాడు తెచ్చేవాడు. మా తాండాలో మేకమాంసం కూరలో ఇప్పటికీ ఎండబెట్టిన నిమ్మకాయ వేసే ఇల్లు మాదొక్కటే.

పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండేది. పన్నెండేళ్ళలో మూడుసార్లు వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ పిల్లలు ఒకరిద్దరు ఆయన్ను గుర్తుపట్టలేదు. మా చిన్నాన్న నాలుగేళ్ళప్పుడు ఆయన్ను చూసి, ఎవరో వచ్చారని దాదీ వెనక దాక్కున్నాడు. ఆయన పోయాక మా వాకిట్లో కూర్చున్నవాళ్ళు, "సంసారం కోసం ఎంత తిరిగినాడో, గొప్ప సంసారి" అంటుంటే, చిన్నాన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు. మాకు ఇద్దరి మాటా నిజమే అనిపిస్తుంది. డబ్బు వచ్చింది. ఐదుగురు పిల్లల్లో ముగ్గురు పది దాటారు, మా అత్త ఇంటర్ చదివింది. ఆ కాలంలో మా తాండాలో ఇంటర్ చదివిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. అయితే ఆ డబ్బు చాలని నెలల్లో దాదీ గుంటూరు వైపు మిరపకోతలకు పోయింది. మంట పుట్టే చేతులతో పిల్లల తలలు దువ్వలేక పెద్దమ్మాయితో దువ్వించేది. దాదా కథ చెప్పేవాళ్ళు ఆ చేతులను మరిచిపోతే కథ సగమే.

ఉత్తరాలు వచ్చేవి. ఎవరో కడప స్నేహితుడు రాసిపెట్టేవాడు. "ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను" అని మొదలై, డ్రాఫ్టు సంగతి చెప్పి, "ఇట్లు" అని ముగిసేవి. తెలుగు ఉత్తరాలు. వాటిలో మా దాదా లేడు. తర్వాత టేప్ రికార్డర్లు వచ్చాయి. క్యాసెట్టులో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ళ చేత పంపేవాడు. ఒక్క క్యాసెట్టు మిగిలింది, మా పెద్దన్న దాన్ని ఫోనులోకి ఎక్కించాడు. అందులో ఆయన మా భాషలో మాట్లాడతాడు. తెల్లమేక ఈనిందా, మగదా ఆడదా అని అడుగుతాడు. దాదీ పంటి నొప్పి సంగతి అడుగుతాడు. చింతచెట్టు కింద ఎవరెవరు పడుకుంటున్నారని అడుగుతాడు. జవాబు రాదని తెలిసి కూడా ప్రతి ప్రశ్న తర్వాత కాసేపు ఆగుతాడు. ఒకచోట, ఈ రోజు బాటి చేసుకుని తిన్నానని చెబుతాడు. బాటి అంటే జొన్నరొట్టె. జొన్నపిండి అక్కడ ఎక్కడ దొరికిందో మాకు తెలియదు. మా భాషకు సొంత లిపి లేదని బడిలో చెబుతుంటారు. ఉత్తరంలో పట్టని మనిషి క్యాసెట్టులో పట్టాడు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. నెలన్నర పాటు ఆయన ఉన్నాడో లేడో తెలియదు. తాండాలో రేడియో చుట్టూ కూర్చునేవాళ్ళు. ఆ గొడవలో సుమారు లక్షా డెబ్బై వేల మంది భారతీయులు జోర్డాన్‌లోని అమ్మాన్ దాకా చేరి, అక్కడి నుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో వచ్చారు. వాళ్ళలో మా దాదా ఒకడు. బస్సులో బాగ్దాద్, అక్కడి నుంచి సరిహద్దు ఎడారిలో గుడారాలు. దాదా అక్కడా వండాడు. ఎవరో ఇచ్చిన బియ్యం, ఎవరిదో గిన్నె, కాల్చడానికి పెట్టె చెక్కలు. ఉప్పు లేదు. "జీవితంలో ఉప్పు లేకుండా వండింది ఆ వారమే. ఎవరూ వంక పెట్టలేదు" అనేవాడు. బొంబాయిలో దిగి, మద్రాసు బండిలో గుంతకల్లు వచ్చి, మీటర్ గేజి బండెక్కి నంద్యాలలో దిగినప్పుడు ఆయన చేతిలో ఒక సంచి, అందులో పాస్‌పోర్టు, ఒక జత బట్టలు, ఒక కఫ్‌గీర్. చిల్లుల గరిటెను ఆయన ఆ ఉస్తాదు పేరుతోనే పిలిచేవాడు. దాచుకున్న దినార్లకు విలువ లేకుండా పోయింది.

పాస్‌పోర్టు ఎలా దక్కిందని అడిగితే, యజమాని కొడుకు వెళ్ళిపోయే ముందు తాళం తీసి ఇచ్చాడని చెప్పాడు. ఆ పుస్తకం మా ఇంటి కప్పు అయింది. యుద్ధంలో నష్టపోయినవాళ్ళకు ఐక్యరాజ్యసమితి ఒక కమిషన్ పెట్టి పరిహారం ఇప్పించింది. వచ్చిన తేదీ ముద్రలు, వీసా పేజీ ఉన్నాయి గనుక దాదాకు కొన్నేళ్ళ తర్వాత డబ్బు వచ్చింది. బోద కప్పు తీసి స్లాబు వేశారు. ఆయనతో పాటు పోయినవాళ్ళలో కాగితం లేనివాళ్ళకు ఇలా రుజువు చేసుకోవడం కష్టమైంది. గల్ఫ్‌కు పోయే తమ్ముళ్ళు ఉంటే ప్రతి కాగితం నకలు ఇంట్లో ఉంచి పోండి. ఇది దాదా మాటే. మాకు ఆయన చేసిన బోధ అంటూ ఏదైనా ఉంటే, ఇదీ, గోళ్ళ సంగతీ.

తిరిగి వచ్చాక ఆళ్ళగడ్డ చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు వండడం మొదలుపెట్టాడు. ఇక్కడ ఒక విచిత్రం జరిగింది. వెనకటి రోజుల్లో ఆయన్ను గడప బయట కూర్చోబెట్టిన లాంటి ఇళ్ళవాళ్ళే కారు పంపి పిలిపించుకున్నారు. ఎందుకంటే ఆయన ఇప్పుడు సుగాలోడు కాదు, కువైట్ మాస్టర్. "కువైట్ మాస్టర్ బిర్యానీ పెట్టించినాం" అని చెప్పుకుంటే గొప్ప. మనిషి అతనే, చేతులు అవే. సముద్రం దాటి వచ్చేసరికి కులం కడుక్కుపోయినట్టు వాళ్ళు నటించారు. దాదాకు ఇది బాగా తెలుసు. అందుకని అడ్వాన్సు ముట్టుకునే ముందు ఒక మాట అనేవాడు: "అయ్యా, నేను సుగాలోణ్ణి. తెలుసు కదా? వండినాక తెలిసిందంటే కాదు." చాలామంది నవ్వి, "అదేం మాట మాస్టరూ" అనేవాళ్ళు. ఇద్దరు ముగ్గురు మాత్రం మళ్ళీ చెబుతామని పోయి, తిరిగి రాలేదు. ఆ మాట అనకపోతే పని పోయేది కాదు కదా అని మా నాన్న వాదించేవాడు. "గుట్టు పెట్టి వండితే చేతికి రుచి రాదురా" అని దాదా అనేవాడు. అది నిజమో కాదో మాకు తెలియదు గానీ, ఆ మాట అన్న తర్వాత ఆయన పొయ్యి దగ్గర నిలబడే తీరే వేరుగా ఉండేది. వంట నడుస్తున్నప్పుడు ఇంటి యజమాని వచ్చినా, "పక్కకు జరగండయ్యా" అనేవాడు.

ఆళ్ళగడ్డ నుంచి పాతిక కిలోమీటర్లలో అహోబిలం. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్ళాడిన చోటు. సంక్రాంతి తర్వాత పారువేటలో స్వామి పల్లకి నలభై రోజులకు పైగా ఊరూరా తిరుగుతుంది, తన పెళ్ళికి రమ్మని పిలవడానికి అంటారు. దేవుడే అడవి ఇంటి అల్లుడైన ప్రాంతంలో అడవి అంచు మనిషి గరిటె పట్టుకోవడానికి కువైట్ వెళ్ళి రావలసి వచ్చింది. ఈ మాట దాదా అనలేదు, మేము అంటున్నాం. ఆయన పల్లకి మా పక్క ఊరికి వచ్చినప్పుడు దూరం నుంచి దండం పెట్టుకునేవాడు.

పెళ్ళి వంటలో ఆయన లెక్క ఇదీ. కిలో బియ్యం ఎనిమిది మందికి, పగటి భోజనమైతే. రాత్రయితే పది మందికి. కిలో మాంసం ఆరుగురికి, ఆ ఇంటివాళ్ళు పిసినారులైతే ఎనిమిదికి, "అప్పుడు పులుసు పెంచి మానం కాపాడాలి." రాగి సంగటి, నాటుకోడి, గుత్తివంకాయ, బక్ష్యాలు, చిత్రాన్నం, ఊరుబిండి. కూర రుచి చూసేవాడు కాదు. ఉప్పు అరచేతిలో పోసుకుని, బరువు చూసి వేసేవాడు. మాలో ఒకరు తూకం పెట్టి పరీక్షించారు. ఐదు పిడికిళ్ళకు తేడా నాలుగైదు గ్రాములు కూడా లేదు. ఉప్పు మోసిన వంశం కదా అని పెద్దలు నవ్వారు.

మా అత్త బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఇంటర్ చదివిన ఆడపిల్ల, చివరికి గరిటె పట్టిందేమిటని ఊళ్ళో కొందరు అన్నారు. మొదటి రోజు సాంబారు అడుగంటింది. దాదా మరునాడు వెళ్ళి కూర్చున్నాడు. పప్పు విడిగా ఉడికించి మెదిపి చివర్లో కలపమన్నాడు, పెద్ద గిన్నెలో గరిటె గుండ్రంగా తిప్పొద్దు, అడుగు నుంచి పైకి ఎత్తమన్నాడు. పిల్లలు తినేటప్పుడు మొదటి బంతిలోనే కూర్చుని తిన్నాడు. ఇద్దరు పిల్లలు ఇంటి నుంచి డబ్బా తెచ్చుకుని విడిగా తినేవాళ్ళు. ఎందుకో ఆయనకు చెప్పనక్కరలేదు. వాళ్ళను ఏమీ అనలేదు. నెల రోజులు శుక్రవారం శుక్రవారం వచ్చి ఎగ్ కర్రీ తానే చేశాడు. మూడో శుక్రవారానికి ఒక డబ్బా రాలేదు. రెండోది ఆ పిల్లాడు బడి మారేదాకా వస్తూనే ఉంది. ఉపాధ్యాయులు ఈ వ్యాసం చదువుతున్నారని తెలిసి ఇది రాస్తున్నాం. బంతిలో మీరూ ఒక పళ్ళెం పెట్టుకుని కూర్చుంటే డబ్బాలు ఇంకా తొందరగా తగ్గుతాయి.

ఇప్పుడు ఆ భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. మంచి పని. గోదావరి లంకల్లో వేళ కాని వేళ వచ్చినవాళ్ళకూ అన్నం పెట్టిన తల్లి ఆమె. అయితే మాకు ఒక సందేహం. ఊరికే పెట్టిన చేతిని లోకం తలుచుకుంటుంది, కూలికి వండిన చేతిని తలుచుకోదు. కూలికి వండినవాడికీ ప్రేమ ఉండొచ్చు, ఎడారిలో ఉప్పు లేని అన్నం అలాంటిదే. కానీ వాడికి ఐదుగురు పిల్లలుంటే ఊరికే పెట్టలేడు.

దాదా పోయాక మరణం నమోదు చేయించడానికి వెళ్ళాం. ఫారంలో చనిపోయిన వ్యక్తి వృత్తి అని ఒక గడి. అక్కడి ఉద్యోగి మా తాండా పేరు వినగానే కూలీ అని రాశాడు. తప్పు పట్టడానికి లేదు, రేషను కార్డులోనూ అదే ఉంది, ఉపాధి హామీ జాబ్ కార్డులోనూ అంతే. పెద్దనాన్న పోనీలే అన్నాడు. అత్త ఒప్పుకోలేదు. ఇంటికి వచ్చి ట్రంకు పెట్టెలోంచి ఆ పాత పాస్‌పోర్టు తీసుకుని పోయింది. అట్ట చిరిగింది, మూల కత్తిరించారు, ఫొటోలో దాదాకు మీసాలు. ఆ గడి చూపించింది. దాదాను వంటవాడని ఒప్పుకున్న సర్కారు కాగితం ప్రపంచంలో అదొక్కటే. ఉద్యోగి కాసేపు చూసి, కొట్టేసి, వంట పని అని రాశాడు. దానివల్ల పెన్షను రాదు, పరిహారం రాదు. మా హాస్టల్ చదువుల్లో వంటవాడు అనేది తిట్టు. మార్కులు తగ్గితే, "కుక్-కమాటి పోస్టుకు కూడా పనికిరావు" అనేవాళ్ళు. ఆ పోస్టులో ఉన్న మనిషి అదే వరండాలో నిలబడి వింటుండేవాడు. ఆ రెండు మాటల కోసం అత్త రెండుసార్లు ఆటోకు డబ్బు పెట్టుకుని తిరిగిందంటే, ఆ వరండా మాకు గుర్తొచ్చింది.

2010 దాటాక బఫేలు, కేటరింగు కంపెనీలు వచ్చి ఆయన పని తగ్గింది. ఆయనకూ మోకాళ్ళు అరిగాయి. అప్పటి నుంచి ఇంట్లోనే. దాదీకి కళ్ళు పోయాక పదేళ్ళు ఆయనే వండి పెట్టాడు. ఆమెకు బిర్యానీ నచ్చదు, మచ్బూస్ అసలే వద్దు. బాటి, పచ్చిమిరపకాయ కారం, ఉల్లిగడ్డ. దసరాకు సళోయి, అంటే మేక రక్తంతో చేసే కూర. ఇన్ని దేశాల వంటలు చేసినవాడికి బాటి గుండ్రంగా తట్టడం రాలేదు. అంచు పగిలేది. దాదీ వేళ్ళతో తడిమి, "లోకానికంతా వండినావు, నాకు పగిలిన రొట్టె" అనేది. ఆయన మళ్ళీ తట్టేవాడు. అరవై ఆరేళ్ళ కాపురంలో కలిసి ఉన్న ఏళ్ళెన్ని అని మేమొకసారి లెక్క అడిగితే, దాదీ ఆయన్నే చెప్పమంది. ఆయన వేళ్ళు మడిచి ముప్ఫై అన్నాడు. దాదీ ఇరవై ఎనిమిది అంది. శ్రీశైలం రోజుల్లో నెలకొకసారి వచ్చింది ఆమె లెక్కలో లేదు. 2021లో ఆమె పోయింది. ఆ తర్వాత దాదా రొట్టె తట్టలేదు, ఎవరు ఏది పెడితే అది తిన్నాడు.

ఆయన గుండిగలు, గంగాళాలు, తెడ్లు అత్త దగ్గర ఉన్నాయి. పెళ్ళిళ్ళలో గిన్నెలు మారిపోకుండా ఇత్తడి మీద పేరు చెక్కిస్తారు కదా, ఆ గిన్నెలన్నిటి మీదా ఉన్నది దాదీ పేరు. కువైట్ మాస్టర్ అని చెక్కించమని ఎవరో అంటే ఒప్పుకోలేదట. పెళ్ళికి అత్త రోజుకు ఇంత అని బాడుగ తీసుకుంటుంది, ఎవరైనా పోయిన ఇంటికైతే తీసుకోదు. కఫ్‌గీర్ మాత్రం బాడుగకు ఇవ్వదు. మాలో చిన్నది, తిరుపతిలో హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతున్న పిల్ల, పోయిన దసరాకు వచ్చి దాన్ని అడిగింది. బాటి తట్టడం నేర్చుకున్నాక ఇస్తానంది అత్త. ఇంకా అంచు పగులుతూనే ఉంది.